షీరాజ్ కోటలో దొరికిన ముత్తాత

విజిటింగ్ కార్డు మీద ముందు షేక్, మధ్యలో సాబిర్, చివర షీరాజీ. మొదటి రెండూ బందరులో పెద్దవాళ్ళు పెట్టినవి. మూడోది సిడ్నీ వచ్చి, కెల్లీవిల్‌లో ఇల్లు కొన్నాక, తనకు తానే తగిలించుకున్నాడు. కొత్త ఇల్లు, రెండు కార్లు పట్టే గరాజ్, ముందు పచ్చగడ్డి. అంత ఇంటికి ఉత్త షేక్ సాబిర్ ఏం సరిపోతాడు?

అసలు సంగతి తెలియాలంటే బందరు కోనేరు సెంటర్ దాకా వెళ్ళాలి. అక్కడ సాబిర్ తాత మస్తాన్‌కు ఒక సెలూన్ ఉండేది. ఒకటే కుర్చీ, ఒకటే అద్దం, పిల్లలొస్తే కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే ఒక చెక్క. ప్లీడర్లూ, చేపల వ్యాపారులూ, కాలేజీ మాస్టర్లూ అందరూ ఆ కుర్చీలోనే కూర్చునేవారు. మస్తాన్ చెయ్యి అంత తేలిక. చెవి వెనక కత్తి ఆడించేటప్పుడు చెవిని రెండు వేళ్ళతో మెల్లగా ముందుకు మడిచేవాడే తప్ప పట్టి లాగేవాడు కాదు. బడి లేని రోజున సాబిర్ పని వచ్చినవాళ్ళ తల వెనక చేతి అద్దం పట్టుకుని నిలబడటం. ఆ కత్తెర పెట్టిన తిండి తినే బీఎస్సీ చదివాడు, హైదరాబాద్ వెళ్ళి కోబోల్ నేర్చుకున్నాడు. పెళ్ళిరోజు పొద్దున అతనికి గడ్డం గీసింది కూడా మస్తానే. అప్పటికే చేతులు వణుకుతున్నాయి. అయినా మనవడి మొహం ఇంకొకడి చేతికి ఇవ్వనని మొండికేశాడు.

అలాంటి తాతను సాబిర్ ఆస్ట్రేలియాలో దిగగానే దాచడం మొదలుపెట్టాడు. పారమట్టాలో హైదరాబాద్ కుటుంబాల ఇళ్ళకు విందుకు వెళితే బిర్యానీ కన్నా ముందు వడ్డించేది ఒకటే ప్రశ్న, మీ వాళ్ళేం చేసేవారని. మొదటి ఏడాది "బిజినెస్" అన్నాడు. సెలూన్ కూడా బిజినెస్సేగా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. మరుసటి ఏడాదికి అది బందరు రేవు నుంచి ఎగుమతి వ్యాపారమైంది. ఆ పై ఏడాది సరుకు పర్షియా వెళ్ళడం మొదలెట్టింది. సరుకు వెళ్ళిన చోటి నుంచి మనుషులు ఎందుకు రాకూడదనుకున్నాడో ఏమో, ఒక ఈద్ నాటికి వంశం మొత్తం పర్షియాలోని షీరాజ్ నుంచి బయలుదేరి ఓడలో వచ్చి బందరులో దిగిపోయింది. అబద్ధానికి కూడా ప్రమోషన్లు ఉంటాయి. సాబిర్ అబద్ధానికి ఆఫీసులో సాబిర్ కన్నా తొందరగా వచ్చాయి.

ఆఫీసులో ఆయనకు ప్రమోషన్లు లేకపోవడానికి కారణం కోబోల్. తొంభైల మధ్యకల్లా ఆ భాషను అందరూ పాత ఇనుప సామాను కింద లెక్కగట్టారు. కుర్రాళ్ళు జావా అంటూ తిరుగుతుంటే సాబిర్‌ను ఫొటోకాపీ మెషిన్ పక్కన కూర్చోబెట్టారు. అంతలో వై టూ కే అనే భూతం వచ్చి ఆయన పాలిట దేవత అయింది. కంప్యూటర్లు ఏడాదిని రెండంకెల్లో రాసుకున్నాయి, రెండువేలు రాగానే పంతొమ్మిది వందలనుకుని బోర్లా పడతాయి, పింఛన్లు ఆగిపోతాయి అని లోకమంతా గగ్గోలు. పాత ప్రోగ్రాముల్లో తారీఖులు సరిచెయ్యడం ఒక్క కోబోల్ వాళ్ళకే వచ్చు. సాబిర్ కుర్చీ కిటికీ పక్కకు మారింది. రెండేళ్ళు పింఛన్ల ప్రోగ్రాముల్లో లక్షల లైన్లు గాలించి, ముసలివాళ్ళ పుట్టినతేదీలన్నీ దిద్దాడు. కొత్త సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ పడలేదు. ఆ పడకపోవడమంతా తన చలవేనని చెప్పుకుంటూ తిరిగాడు. "తేదీల్లో నన్ను మించినవాడు న్యూ సౌత్ వేల్స్‌లో లేడు" అనడం ఆయనకు సలాం చెప్పినంత అలవాటైపోయింది.

ఇంతలో ఇంట్లో వ్యవహారం ముదిరింది. కూతురు తస్నీమ్, యూనివర్సిటీలో తనతో చదివిన ఇమాద్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. పిల్లవాడు బంగారం, తండ్రి దేనికీ అడ్డురాడు. చిక్కంతా వాళ్ళమ్మ అమ్రీన్ బేగంతోనే. హైదరాబాద్‌లో తమది నవాబుల నాటి మహలు, దేవిడీ అనీ, దాని గుమ్మంలోకి ఏనుగు వంగకుండా నడిచి వచ్చేదనీ ఆవిడ చెబుతుంది. జూలై చలిలో సంబంధం మాట్లాడటానికి వచ్చింది. సాబిర్ ఉర్దూలో స్వాగతం మొదలుపెట్టాడో లేదో చెయ్యెత్తి ఆపేసింది.

"మీ ఉర్దూ వింటే నాకు తలకాయ నొస్తది భాయ్. తెలుగుల్నే మాట్లాడుకుందాం, నాకు మంచిగనే వస్తది. పోరడు పోరి ఇష్టపడ్డరు, నేను వద్దంటలేను. కానీ మా తాన పెండ్లంటే ముందు ఖాన్‌దాన్ చూస్తరు. మీదేం ఖాన్‌దాన్?"

పక్క గదిలో తస్నీమ్ వింటోందని సాబిర్‌కు తెలుసు. మస్తాన్ పేరు చెబితే ఆవిడ చేతిలో టీ కప్పు ఇక్కడే దిగిపోతుంది, పిల్ల జీవితం ఇక్కడే ఆగిపోతుంది. నోరు అలవాటు ప్రకారం పరిగెత్తింది.

"మా ముత్తాత షీరాజ్ కోటకు హాకిమ్ అండీ, అంటే గవర్నరన్నమాట. ఆ కోట ఇప్పుడు మ్యూజియం. ఆయన ఫొటో అక్కడే ఉంది."

"అట్లనా?" అంది అమ్రీన్, కప్పు దించకుండా. "అయితే చూపియ్యండ్రి."

ఆ సెప్టెంబరులో ఒలింపిక్స్ కోసం ప్రపంచమంతా సిడ్నీ వచ్చింది. సాబిర్ ఒక్కడే భార్య తాహెరాను తీసుకుని, లేని ముత్తాత ఫొటో వెతకడానికి సిడ్నీ వదిలి షీరాజ్ వెళ్ళాడు.

కోట మాత్రం నిజంగానే కోట. ఎత్తైన ఇటుక గోడలు, నాలుగు మూలలా నాలుగు బురుజులు, అందులో ఒకటి అలిసిపోయినట్టు ఒక పక్కకు ఒరిగి ఉంది. లోపల నారింజ చెట్లు, నీళ్ళ తొట్టి, రంగు అద్దాల తలుపులు. రాజులుండే గదుల్లో ఇప్పుడు మ్యూజియం. సాబిర్ భుజం మీద వీడియో కెమెరా, మెడలో ఫొటో కెమెరా పెట్టుకుని, వారసుడు ఆస్తి తనిఖీకి వచ్చినట్టు గదిగదీ తిరిగాడు. ఇరానీ పిల్లలు అతని కెమెరా ముందు నిలబడి నవ్వుతుంటే విసుక్కుంటూ పక్కకు జరగమన్నాడు.

"ఏమండీ, కాళ్ళు లాగేస్తున్నాయి. ఇంకా ఎన్ని గదులున్నాయి?" అంది తాహెరా.

"కోటన్నాక గదులుండవా? రాజుల ఇల్లంటే ఏవనుకున్నావ్?"

"నేనేం అనుకోలేదు. ఒరిగిన బురుజును చూసి మన అబద్ధం గుర్తొచ్చింది, అంతే."

సాబిర్ విననట్టు నటించాడు. చివరి గదిలో గోడ నిండా పాత ఫొటోలు. వాటిలో ఒకదాని ముందు ఆగిపోయాడు. కోట పెరడు, వెనక వరసగా నిలబడ్డ జనం, మధ్యలో కుర్చీలో ఒక మనిషి. ఆ మనిషి ముక్కు, సాబిర్ ముక్కు. పొడుగ్గా వచ్చి చివర కిందికి తిరిగిన అదే ముక్కు. ముందు భాగమంతా బట్టతల. తమ ఇంట్లో నలభై దాటకుండానే వచ్చేస్తుంది కదా! భుజాల చుట్టూ తెల్లటి శాలువా. వెనక నుంచి ఒకడు ఒంగి, చెవి దగ్గర ఏదో రహస్యం చెబుతున్నాడు. దివాన్ అయి ఉండాలి.

ఫొటో కింద ఫార్సీలో పొడుగాటి వంపుల రాత. ఇంగ్లీషు ముక్క లేదు. సాబిర్ కూడబలుక్కుని చదవగలిగింది రెండే, కోట అనే మాట, చివర అంకెలు. వెయ్యిన్నీ మూడు వందల ఇరవై. తేదీల నిపుణుడి బుర్రలో లెక్క క్షణంలో తేలింది. హిజ్రీ పదమూడు వందల ఇరవై అంటే ఇంగ్లీషు లెక్కన 1902. ముత్తాత వయసుకు అతికినట్టు సరిపోయింది.

అబద్ధమాడినవాడు ఎక్కడైనా ఒకచోట తనది అబద్ధమని గుర్తుపెట్టుకోవాలి. ఆ గదిలో, ఆ ముక్కు ముందు, సాబిర్ ఆ సంగతి మరిచిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "చూశావా తాహెరా, నేను ఊరికే అనలేదు" అన్నాడు.

తాహెరా దగ్గరకు వెళ్ళి చూసింది. "శాలువా ఏంటండీ, ఉతికిన దుప్పట్లా ఉంది? మెడ చుట్టూ చుట్టి ముడేశారేంటి?"

"అది వాళ్ళ దర్బారు పద్ధతి" అన్నాడు సాబిర్, కెమెరా సర్దుకుంటూ.

సిడ్నీ రాగానే పారమట్టాలో ఫొటో పెద్దది చేయించాడు. కింది రాత తీసేయించాడు. వెనక ఒంగిన మనిషిని కూడా కోసేయించాడు, హాకిమ్ పక్కన ఇంకొకడు ఎందుకని. ఎంత కోసినా ఆ మనిషి చెయ్యి మాత్రం పోలేదు, చెవి దగ్గర అలాగే మిగిలింది. బంగారు రంగు ఫ్రేము కట్టించి హాల్లో సోఫాకు ఎదురుగా తగిలించాడు.

విందుకు అమ్రీన్‌నూ ఇమాద్‌నూ పిలిచాడు. అక్కడితో ఆగితే సాబిర్ ఎందుకవుతాడు? ఆఫీసులో తన టీం లీడర్ బెహ్రూజ్‌ను కూడా పిలిచాడు. బెహ్రూజ్ టెహ్రాన్‌వాడు. షీరాజ్ లోగుట్టు అతనికేం తెలుస్తుంది, కానీ సోఫాలో ఒక అసలు ఇరానీ కూర్చుంటే గోడ మీది ముత్తాతకు బలం వస్తుంది కదా అన్నది ఆలోచన.

భోజనాలయ్యాక అమ్రీన్ టీ కప్పుతో ఫ్రేము ముందు నిలబడి చాలాసేపు చూసింది. "ముక్కయితే మీదే. కానీ ఫ్రేము ఏ దుకాణంలనైనా కట్టిస్తరు. కోటల ఉందని ఎట్ల నమ్మాలె?"

సాబిర్ ఎదురుచూస్తున్నది ఆ మాట కోసమే. వీడియో క్యాసెట్ పెట్టాడు. ఒరిగిన బురుజు కదిలింది, నారింజ చెట్లు కదిలాయి, తాహెరా కాళ్ళు నొక్కుకుంటూ ఒక క్షణం కనిపించింది. చివరి గది. గోడ. ఫొటో, కింద రాతతో సహా. "అదిగో!" అని బొమ్మను ఆపాడు. "బెహ్రూజ్, నువ్వే చదివి చెప్పు. హిజ్రీ పదమూడు వందల ఇరవై, అవునా?"

బెహ్రూజ్ ముందుకు ఒంగి చదివాడు. ఒకసారి ఫ్రేము వైపు, ఒకసారి సాబిర్ వైపు చూశాడు. మర్యాదస్థుడు, గొంతు తగ్గించి ఇంగ్లీషులో అన్నాడు. "అంకెలు సరిగ్గానే చదివారు సాబిర్. కానీ మా దేశంలో ఏడాదిని సూర్యుడితో లెక్కపెడతాం, చంద్రుడితో కాదు. ఇది 1902 కాదు, 1941."

రాష్ట్రంలో ముసలివాళ్ళందరి పుట్టినరోజులూ దిద్దిన మనిషికి నలభై ఏళ్ళు తప్పిపోయాయి. అదీ ఆఫీసులో ఎవరూ పట్టుకోలేని తప్పు కాదు, నట్టింట్లో వియ్యపురాలి ముందు.

"అప్పుడు కోట రాజులది కాదు" అన్నాడు బెహ్రూజ్ ఇంకా మెల్లగా. "జైలుగా వాడేవారు. కింద రాసింది... కొత్తగా వచ్చిన ఖైదీకి తల గొరుగుతున్న దృశ్యం."

తెర మీద తెల్ల శాలువా ఉన్నట్టుండి మంగలి గుడ్డ అయిపోయింది. బట్టతల సగం గొరిగిన తల అయిపోయింది. దివాన్ చేతిలో కత్తి కనపడింది. అది మొదటి నుంచీ అక్కడే ఉంది. చూడాల్సినవాడు ముక్కు దగ్గరే ఆగిపోయాడు.

బెహ్రూజ్ జాలిపడ్డాడు. "ఆ జైల్లో గొప్ప గొప్పవాళ్ళు కూడా ఉండేవారు. పండితులు, తెగల నాయకులు..." అంటూ ఒక దారి చూపించాడు. సాబిర్ దాన్ని పట్టుకోవడానికి నోరు తెరిచాడు కూడా. అమ్రీన్ అప్పుడే తల పంకిస్తోంది, ఒప్పుకుందామా అన్నట్టు.

"డాడ్, ఎనఫ్" అంది తస్నీమ్. ఆమె కళ్ళు ఎర్రబడ్డాయి. లేచి ఫ్రేము దగ్గరికి వెళ్ళి, చెవి దగ్గర మిగిలిపోయిన చెయ్యి మీద వేలు పెట్టింది. "హూ ఈజ్ దిస్ గై? ఇతన్నెందుకు కట్ చేశారు?"

సాబిర్ ఆ చెయ్యి చూశాడు. తెర మీద మొత్తం మనిషిని చూశాడు. ఖైదీ చెవి పైభాగం ఆ మంగలి గుప్పిట్లో ఉంది, గుంజి పట్టుకున్నాడు. ఎక్కడి నుంచి వచ్చిందో సాబిర్‌కు చిరాకు పుట్టుకొచ్చింది.

"వీడికి పని రాదు" అన్నాడు. "చెవి ఎవడైనా అట్టా లాగుతాడా? రెండు వేళ్ళతో ముందుకు మడవాలి. మా తాతయితే..."

ఆగిపోయాడు.

"మీ తాతయితే?" అంది అమ్రీన్.

ఇన్నేళ్ళు కష్టపడి కట్టిన షీరాజ్ అంతా ఆ ఒక్క మాటతో కూలింది. ఇక ఎత్తి నిలబెట్టే ఓపిక లేకపోయింది. అలసటలా అనిపించింది గానీ అది సిగ్గు. తాత గురించి కాదు, తన గురించి.

"మా తాత మస్తాన్‌కి బందర్లో సెలూనండీ. నేను అద్దం పట్టేవాణ్ణి. ఆయన చేతిలో ఏ చెవికీ గీత పడలేదు. నన్ను చదివించింది ఆయనే. షీరాజ్ మొహం మా ఇంట్లో నేనే మొదట చూశాను, అదీ పోయిన నెలలో."

అమ్రీన్ బేగం కప్పు దించింది. "ఖైదీ అయినా సర్దుకుంటుంటి భాయ్. ఖైదీకి ఖాన్‌దాన్ ఉంటది. మంగలోని పిల్లను నేను మా వాళ్ళ ముందర ఎట్ల నిలబెట్టాలె?" అని లేచింది. ఇమాద్ ఏదో అనబోతే భుజం పట్టుకుని నడిపించింది. జైలుకు వెళ్ళినవాడు పనికొస్తాడు, గడ్డం గీసినవాడు పనికిరాడు. ఏనుగు దూరే గుమ్మాల వాళ్ళ న్యాయం అలాగే ఉంటుంది మరి.

వాళ్ళు వెళ్ళాక తస్నీమ్ తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తాహెరా తిట్టలేదు, తిడితే బాగుండేదని సాబిర్‌కు అనిపించింది. ఫ్రేము దించి, ఖైదీని తీసేసి, పెట్టె అడుగు నుంచి ఒక చిన్న ఫొటో తెచ్చి ఆ బంగారు ఫ్రేములోనే పెట్టింది. కుర్చీ పక్కన, భుజాన తువ్వాలు వేసుకుని మస్తాన్. సాబిర్ పెళ్ళినాటి ఫొటో. "ఈ ముక్కు చాలదా మీకు?" అని ఒక్క మాటే అంది.

ఆదివారం మధ్యాహ్నం బెల్ మోగింది. ఇమాద్ ఒక్కడే వచ్చాడు. తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడటం తక్కువ, ఆ రోజు మాత్రం కష్టపడి కూడగట్టుకున్నాడు. "అంకుల్, పెండ్లికి నాకు హెయిర్ కట్ గావాలె. మీరు చేస్తరా?"

"ఏ పెళ్ళికయ్యా?" అన్నాడు సాబిర్.

"మై వెడ్డింగ్, అంకుల్."

గరాజ్‌లో స్టూలు వేశారు. తాహెరా ఉతికిన దుప్పటి తెచ్చి కుర్రాడి మెడ చుట్టూ ముడేసింది. వేసేటప్పుడు భర్త వైపు చూసిన చూపులో షీరాజ్ దర్బారు పద్ధతి మొత్తం ఉంది. సాబిర్ కత్తెర పట్టి ఎన్నో ఏళ్ళయింది. కానీ ఎవరు ఎదురైనా ముందు మెడ వెనక కత్తెర ఎలా పడిందో చూసే అలవాటు మాత్రం ఏ విజిటింగ్ కార్డూ మాన్పించలేదు. చెవి దగ్గరకొచ్చేసరికి రెండు వేళ్ళు వాటంతట అవే దాన్ని ముందుకు మడిచాయి. తస్నీమ్ వెనక అద్దం పట్టుకుని నిలబడింది. ఎవరూ పట్టమనలేదు.

ఆ సాయంత్రం అమ్రీన్ బేగం కొడుకు తలను అటూ ఇటూ తిప్పి, మెడ వెనక వేలితో రాసి చూసిందట. "ఎవరు జేసిన్రు?" అందట. చెప్పాడు. పంతం దిగిందో, కొడుకు ఎలాగూ వినేలా లేడని లెక్క వేసుకుందో అల్లాకే తెలియాలి. చివరికి మాత్రం, "ఆయన్ని మీ డాడీ నెత్తి గూడ చూడుమను. పారమట్టా సెలూనోడు పాడు జేస్తుండు" అందట. ఆవిడ నోటి నుంచి అంతకన్నా స్పష్టమైన ఒప్పుదల ఎవరూ ఆశించలేదు.

ఫిబ్రవరిలో పెళ్ళి. ముందురోజు ఇల్లంతా చుట్టాలూ స్నేహితులూ. టూవూంబా నుంచి వచ్చిన డాక్టర్ ద్వారకానాథ్ ప్లేటు పట్టుకుని ఫ్రేము ముందు నిలబడ్డాడు. "సాబిర్, ఎవరండీ ఈయన? మొహంలో ఏదో కళ ఉంది" అన్నాడు.

సాబిర్ దగ్గరకొచ్చాడు. నిజమే చెబుదామని వచ్చాడు, ఆ మాత్రం న్యాయం మనం సాబిర్‌కు చెయ్యాలి. "మా తాత మస్తానండీ. బందర్లో సెలూన్ ఉండేది" అన్నాడు. డాక్టర్‌గారు "ఓహో" అన్నాడు. ఆ ఓహోలో ఏ తక్కువ కనిపించిందో గానీ, సాబిర్ గొంతు సవరించుకుని, కాస్త ఎత్తు పెంచి మొదలెట్టాడు. "ఉత్త సెలూన్ అనుకోకండి. షీరాజ్ కోట హాకిమ్‌గారు ప్రత్యేకంగా ఓడ పంపించి, ఆస్థాన..."

తాహెరా వెనక నుంచి వచ్చి భర్త చేతిలో బిర్యానీ ప్లేటు పెట్టింది.

"ఏమండీ, మీ తాతగార్ని మళ్ళీ ఇరాన్ పంపించకండి. ఇంటికొచ్చి నాలుగు నెల్లే అయింది."